బయటికి వెళ్ళే ఫ్యాక్సులు మాత్రమే

ఫ్యాక్సు అనే మాట వినగానే మా కంప్యూటర్ల విభాగంలో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఈ కాలంలో ఒక మనిషిని పిలిచి, ఆఫీసు నెట్‌వర్కులోంచి ఫ్యాక్సులు ఎలా పంపాలో ప్రణాళిక రాసుకు రమ్మన్నారంటే, ఆ మనిషి మీద పైవాళ్ళకు ఎంత గురి ఉందో వేరే చెప్పక్కర్లేదు. నాకా పని అప్పగించిన పెద్దమనిషిని మేమంతా సర్క్యులర్ గారు అంటాం. ఎదురుగా కూర్చున్నవాడికి మంచినీళ్ళు కావాలా అని అడగడానికి కూడా ఒక సర్క్యులర్ తీసే రకం. మనసు మంచిదే. దాన్ని బయటికి తీయాలంటే మాత్రం పైనుంచి ఉత్తర్వు రావాలి.

"బయటికి వెళ్ళేవి మాత్రమే చూడమ్మా," అన్నాడు. "లోపలికి వచ్చేవి మనకు వద్దు."

ఎందుకు వద్దని అడిగాను. పంపడానికి మెషిన్ చాలు, వచ్చినవి చదవడానికి మనిషి కావాలి, కొత్తగా మనుషులను ఇచ్చేది లేదని పైవాళ్ళు తేల్చేశారు అని చెప్పాడు. అందుకే ఇప్పుడున్న ఫ్యాక్సు లైను కూడా బయటికి వెళ్ళడానికే తప్ప లోపలికి రానివ్వదు. అవతలివాళ్ళు ఎంతసేపు మోగించినా అది ఎత్తదు. కొత్త పద్ధతిలోనూ అంతే. నేను తల ఊపి వచ్చేశాను. ఆయనతో వాదించడమూ గోడతో మాట్లాడడమూ ఒకటే అని అప్పటికే నాకు అనుభవం.

మా సంస్థ చేసేది తప్పిపోయినవాళ్ళను వెతకడం. వెతకడం అంటే మేమేమీ లాంతర్లు పట్టుకుని వీధులు గాలించం. కాగితాలు పంపుతాం. తప్పిపోయిన ప్రతి మనిషికీ ఒక కాగితం ఉంటుంది. మధ్యలో ఫోటో, పక్కన ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు, కట్టుకున్న బట్టలు, అడుగున 'ఈ వ్యక్తి ఆచూకీ తెలిసినచో తెలియజేయగలరు' అన్న ముక్క. అది ఆసుపత్రులకు, పోలీసు స్టేషన్లకు, అనాథాశ్రమాలకు వెళ్తుంది. ఈ మూడు రకాలవాళ్ళూ ఇంకా ఫ్యాక్సునే నమ్ముతారు. ముద్ర కనబడాలి, సంతకం కనబడాలి, చేతికి కాగితం తగలాలి. లేకపోతే అది వచ్చినట్టే కాదు. కాబట్టి ప్రపంచంలో ఎక్కడ ఫ్యాక్సు చచ్చిపోయినా మా ఆఫీసులో చావదు.

ఫ్యాక్సు గది వరండా చివర ఉంటుంది. అంతకుముందు విరిగిన కుర్చీలు పడేసే గది అది. కుర్చీలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటి మధ్య ఒక బల్ల, బల్ల మీద పసుపెక్కిన మెషిన్, దాని ముందు మా వదిన.

మా వదిన ఇక్కడికి ఉద్యోగానికి రాలేదు, మా అన్నయ్య కోసం వచ్చింది. అన్నయ్య లిఫ్టు మెకానిక్. దూరపు ఊళ్ళో ఏదో కొత్త భవనానికి లిఫ్టు బిగించాలని బస్సెక్కి వెళ్ళాడు. దారిలో ఒక చోట దిగి ఫోన్ చేశాడు, టీ బాగాలేదన్నాడు, పెట్టేశాడు. ఆ తర్వాత మనిషి లేడు. మాకు తెలిసిన ఊళ్ళన్నీ కాళ్ళు అరిగేలా తిరిగాం. ఎవరిని చూసినా 'బావగారూ' అని పిలిచి భుజం మీద చెయ్యేసే మనిషి, ముక్కూ మొహం తెలియని టికెట్ల కుర్రాణ్ణి కూడా రెండు నిమిషాల్లో చుట్టం చేసుకునే మనిషి, ఎవరికీ గుర్తు లేకుండా ఎలా మాయమవుతాడు? అదే మాకు అంతుబట్టలేదు. చివరికి నేను పనిచేసే చోటే అన్నయ్య పేర కాగితం తయారుచేయించాం.

కాగితం ఇచ్చాక వదిన ఇంట్లో ఉండలేకపోయింది. రోజూ నాతోపాటే వచ్చి ఆ గది గుమ్మంలో కూర్చునేది. కాగితం వెళ్ళిందా, ఎక్కడి దాకా వెళ్ళింది, ఇవాళ ఎవరికి పంపారు అని అడిగేది. అప్పట్లో మెషిన్ దగ్గరుండే గుమాస్తాకు తల ప్రాణం తోకకు వచ్చింది. కాగితం ఇరుక్కున్నప్పుడల్లా అతను దాన్ని నాలుగు బాదేవాడు. వదిన లేచి వెళ్ళి, మూత తెరిచి, పసిపిల్ల నోట్లోంచి మట్టి తీసినట్టు మెల్లిగా తీసేది. అతను రిటైరయ్యాక ఆ కుర్చీ ఆవిడకే ఇచ్చేశారు. ఎలాగూ ఇక్కడే ఉంటోంది కదా అన్నారు. అలా మా వదిన, తన మొగుడి కాగితంతోపాటు ఊళ్ళో అందరి మొగుళ్ళ, పిల్లల, తల్లుల కాగితాలూ పంపే ఉద్యోగంలో కుదురుకుంది. నేను వేళాకోళానికి 'నీకు మా అన్నయ్య ఉద్యోగం ఇప్పించాడు' అనేదాన్ని. 'వచ్చాక మొదటి జీతం ఆయన చేతిలోనే పెట్టి, రెండు తగిలిస్తాను' అనేది.

ఆ గదిలో ఒక నియమం ఉంది. అక్కడ 'పోయింది' అనే మాట ఎవరూ అనకూడదు. వెనకటి గుమాస్తా వల్ల వచ్చిందది. ఒక తండ్రి ఫోన్ చేసి, మా అమ్మాయి సంగతి ఏమైందండీ అని అడిగాడట. పొద్దున్నే పోయిందండీ అన్నాడట ఇతను. కాగితం గురించి చెప్పాడు పాపం. అవతల ఫోన్ కింద పడిన చప్పుడు వినబడింది. ఆ తండ్రి తేరుకోవడానికి చాలాకాలం పట్టిందని చెప్పుకుంటారు. మన భాషలో కాగితానికీ ఆడపిల్లకీ ఒకటే క్రియ అయినందుకు ఎవరిని తిట్టాలో తెలియక, సర్క్యులర్ గారు ఒక సర్క్యులర్ తీశాడు. ఇకమీదట 'పోయింది' అనరాదు. మరేం అనాలి? 'వెళ్ళింది' అంటే, ఆడపిల్లల విషయంలో అది మరీ అన్యాయంగా ఉందన్నారు. అటు తిప్పి ఇటు తిప్పి చివరికి 'చేరింది' అని ఖాయం చేశారు. వినడానికి చల్లగా ఉంటుంది, ఎవరికీ గుండె ఆగదు.

అప్పట్నుంచి మెషిన్ 'ఓకే' అని చీటీ కక్కగానే, కాగితం మూల పెన్సిల్‌తో 'చేరింది' అని రాసేవాళ్ళు. వదిన కూడా అలాగే రాసేది. గుండ్రటి అక్షరాలు, మధ్యలో సున్నాను కొంచెం పెద్దగా రాసేది. అన్నయ్య కాగితం నకళ్ళ మీద ఆ మాట ఎన్నిసార్లు ఉందో చూస్తే నేను ఆ కట్టను బోర్లించేసేదాన్ని, ఆవిడకు మాత్రం ధైర్యంగా ఉండేది. 'ఇన్నిచోట్లకు చేరింది, ఒక్కచోటన్నా కనబడకపోతాడా' అనేది.

నేను ప్రణాళిక మొదలుపెట్టాను. పని కష్టమైనదేమీ కాదు. మెషిన్ బదులు ఒక కంప్యూటర్, దానికి కొన్ని టెలిఫోను లైన్లు. ఎవరి బల్ల దగ్గరి నుంచి వాళ్ళే కాగితం పంపుకోవచ్చు. లైన్లు ఖాళీ లేకపోతే కాగితాలు వరసలో నిలబడతాయి. అవతల ఎత్తకపోతే కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. వరండా చివరి గది అక్కర్లేదు, అందులోని మనిషీ అక్కర్లేదు. ఈ చివరి వాక్యం నేను రాయలేదు. రాయకపోయినా అందులో ఉంది.

వరసలో ఎవరు ముందు అన్నదగ్గర సర్క్యులర్ గారికీ నాకూ మొదటిసారి తగువైంది. కొత్తగా తప్పిపోయినవాళ్ళవి ముందు వెళ్ళాలి, ఏడాది దాటినవి లైన్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళాలి అన్నాడు. లైన్లు ఎప్పుడు ఖాళీగా ఉంటాయండీ అని అడిగాను. మనుషులు తప్పిపోనప్పుడు అన్నాడు. వేళాకోళం కాదు, ఆయనకు నిజంగానే అంతకంటే మంచి జవాబు లేదు. అన్నయ్య పోయి, కాదు, కనబడకుండా వెళ్ళి రెండో ఏడాది నడుస్తోంది. నా చేతులతో నేనే మా అన్నయ్యను వరస చివర నిలబెట్టి, ఇంటికి వచ్చి, వదిన వడ్డిస్తే తిన్నాను. ఆ పూట ఏం తిన్నానో గుర్తు లేదు.

రెండో తగువు మాట దగ్గర వచ్చింది. కాగితం పంపాక తెర మీద ఏమని కనబడాలి? 'చేరింది' అనే ఉండాలని ఆయన. అది అబద్ధమండీ అన్నాను నేను. అవతల ఇంకో మెషిన్ ఎత్తిందనీ, కాగితం తీసుకుందనీ తప్ప మన మెషిన్‌కు ఇంకేమీ తెలియదు. ఆ మెషిన్ ఎవరిదో, దాని ముందు మనిషి ఉన్నాడో లేడో దానికెలా తెలుస్తుంది? 'అవతలి మెషిన్ తీసుకుంది' అని పెడదామన్నాను. అంత పొడుగు మాట గడిలో పట్టదన్నాడు. అయితే ముందు ఈ నంబర్లన్నీ ఎవరివో ఒకసారి ఫోన్ చేసి చూస్తానన్నాను. ఆయన వింతగా చూశాడు.

"అన్నిటికీ చేరిందనే ఉంది కదమ్మా," అన్నాడు. "ఇంకా ఏం చూస్తావు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. వాళ్ళు ఆ మాట పెట్టుకున్నది ఒక తండ్రి గుండె ఆగకూడదని. పెట్టుకున్నవాళ్ళే దాన్ని నమ్మేశారు. చేరింది అని రాసి ఉన్నదాన్ని చేరిందా అని మళ్ళీ ఎవరడుగుతారు? ఇన్నేళ్ళుగా ఈ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు.

మర్నాటి నుంచి నా బల్ల దగ్గర కూర్చుని ఒక్కో నంబరుకూ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఎక్కువ వాటిలో ఫ్యాక్సు కూత వినబడేది. అలాంటిచోట్ల ఆ సంస్థవాళ్ళ మామూలు ఫోను వెతికి పట్టుకుని అడిగేదాన్ని. కొన్ని నంబర్లు ఈమధ్యే ఆగిపోయాయి. ఒక ఆశ్రమంలో మెషిన్ మూలనపడి ఉంది, అయినా ఎత్తుతుంది, కాగితం లేక అన్నీ కడుపులో దాచుకుంటోంది. వదిన మధ్యమధ్య వచ్చి నా అవతారం చూసి నవ్వేది. చెవికి ఫోన్ అతుక్కుపోయిందా, కోయించి తీయించమంటావా అనేది.

అన్నయ్య చివరిసారి ఫోన్ చేసిన దారిలోనే, వెళ్ళాల్సిన ఊరికి బాగా ముందు, ఒక పెద్దాసుపత్రి ఉంది. మా కాగితాలన్నీ దానికి తప్పనిసరిగా వెళ్తాయి. ఆ నంబరు కలిపాను. కూత రాలేదు, మనిషి గొంతు వచ్చింది.

"పరుపుల దుకాణం," అన్నాడతను.

ఇది ఫలానా ఆసుపత్రి ఫ్యాక్సు నంబరు కాదా అని అడిగాను. ఆ ఫోటోలు పంపేది మీరేనా అమ్మా అన్నాడు. ఈ నంబరు తమకు వచ్చి చాలాకాలమైందట, ఫోనుకీ ఫ్యాక్సుకీ ఒకటే మెషినట. వచ్చిన మొదటివారం నుంచీ ఫోటోలు వస్తూనే ఉన్నాయట. మొదట్లో వాళ్ళావిడ ఒక్కొక్క కాగితం చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకునేదట.

"ఇది ఆసుపత్రి కాదని రాసి, కాగితం పైన మీ నంబరు ఉంటుంది కదా, దానికే తిరిగి పంపామండీ," అన్నాడు. "ఎన్నిసార్లు పంపినా మీది తీసుకోలేదు. తర్వాత మేమూ వదిలేశాం. పరుపుల మధ్యన వేయడానికి పనికొచ్చాయి."

అతని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఫ్యాక్సు వెళ్ళేటప్పుడు మెషిన్ కాగితం నెత్తిన తన నంబరు తనే అచ్చేస్తుంది. అందరూ ఆ నంబరుకే జవాబు పంపుతారు. మా మామూలు ఫోను అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫ్యాక్సులో అది చీమల బారులా కనబడుతుంది. జవాబు ఇమ్మని అందరినీ అడిగి, జవాబు ఇచ్చే తలుపు మేమే మూసి కూర్చున్నాం. అతను పెట్టేసేముందు, మీవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా అందులో అని అడిగాడు. ఉన్నాడన్నాను. అయ్యో అన్నాడు.

ఆసుపత్రి కొత్త నంబరు పట్టుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. అదే నా ప్రాణం తీసింది. ఒక్క ఫోన్‌తో దొరికేది, ఎవరూ చేయలేదు. వాళ్ళు ఇటూ అటూ తిప్పి, చివరికి తలకు దెబ్బలు తగిలినవాళ్ళ వార్డులో నర్సుకు ఇచ్చారు. నేను వయసు చెప్పాను, ఎత్తు చెప్పాను, ఎడమ మోచేతి మీద వైరు కాలిన మచ్చ చెప్పాను.

"అందరినీ బావగారూ అని పిలిచేవాడా?" అంది.

అవునన్నానో లేదో తెలియదు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో తెచ్చి చేర్చారట. తలకు దెబ్బ. బతకడన్నారు, బతికాడు. జేబులో ఏమీ లేవు. ఒళ్ళు తేరుకుంది గానీ తన పేరు రాలేదు, ఊరు రాలేదు. డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చేవాడి దాకా మగవాళ్ళంతా బావగార్లే. తనను మాత్రం చెల్లెమ్మా అనేవాడట. వార్డులో ఫ్యాను ఆగిపోతే ఎక్కి బాగుచేశాడట, ఆ పని చేతికెలా వచ్చిందో అతనికే తెలియదట. నెలల తరబడి అక్కడే ఉన్నాడు. పక్కమంచాలవాళ్ళకు మంచినీళ్ళు తెచ్చేవాడు. నా పేరు మరిచిపోయిన మా అన్నయ్య ఎవరినో చెల్లెమ్మా అని పిలుస్తూ బతికాడని వింటుంటే, నాకు ఏడుపుతోపాటు అసూయ కూడా వచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను.

మాకెందుకు చెప్పలేదని అరిచాను. ఆవిడకు కోపం రాలేదు. మీ ఆఫీసుకు మా వాళ్ళు ఫోటోతో సహా కాగితం పంపారమ్మా అంది. గోడ మీద పాత కాగితాలున్నాయి, వాటి పైనున్న నంబరుకే పంపారు, రోజూ పంపారు. అటు ఎత్తలేదు. ఫోన్లో చెప్పడం మా దగ్గర లేదు, రాతలోనే ఇవ్వాలి. పోలీసులకూ ఇచ్చారు, వాళ్ళూ మీకే పంపామన్నారు.

ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. మొన్నటి చలికాలంలో మంచాలు చాలక, నడవగలిగినవాళ్ళను పంపేయాలన్నారట. ఆశ్రమానికి పంపుదామని కాగితాలు రాస్తున్నారట. అన్నయ్య ఈవిడ దగ్గరికి వచ్చి, చెల్లెమ్మా, నా కోసం ఎవరైనా అడిగారా అన్నాడట.

"అబద్ధం చెప్పలేకపోయానమ్మా," అంది నర్సు. "అందరికీ పంపాం, ఎవరూ జవాబివ్వలేదు అన్నాను. కాసేపు ఆలోచించాడు. అయితే నాకెవరూ లేరన్నమాట అన్నాడు. ఏడవలేదు. మామూలుగా అన్నాడు. మర్నాడు పొద్దున మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది, మనిషి లేడు."

ఫోన్ పెట్టేశాక నేను వదిన దగ్గరికి వెళ్ళలేదు. పిరికితనం అనండి, ఇంకేమన్నా అనండి. సర్క్యులర్ గారి గదికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పాను. లోపలికి వచ్చే లైను ఒక్కటంటే ఒక్కటి పెట్టనివ్వండి, నేను కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, అది నేను చూశాను. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం ఉత్తర్వే. వచ్చిన కాగితాలు చదివేవాళ్ళు లేకుండా లైను తెరిస్తే, అవి పడి ఉంటాయి, అది ఇంకా పెద్ద పాపం, ఎత్తని లైనే నయం అన్నాడు. చదవడానికి మా వదిన ఉంది కదండీ అన్నాను. ఆయన తల దించుకుని, ఆ గదే తీసేస్తున్నాం కదమ్మా, నీ ప్రణాళికలోనే ఉంది అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్ళతో పోట్లాడవచ్చు.

వరండాలో నడుస్తూ, ఎంతవరకు చెప్పాలో లెక్క వేసుకున్నాను. బతికాడని చెప్పాలి. మంచినీళ్ళు తెచ్చాడని, ఫ్యాను బాగుచేశాడని చెప్పాలి. వెళ్ళిపోయాడని చెప్పక తప్పదు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పకూడదు. అది నాతోనే పోవాలి.

వదిన ఎవరిదో చంటిపిల్ల ఫోటో ఉన్న కాగితాన్ని మెషిన్‌లో పెడుతోంది. నా మొహం చూసి చెయ్యి తీసేసింది. నేను నిలబడే చెప్పాను. పరుపుల దుకాణం సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. బావగారూ అన్న మాట దగ్గర లేచి నిలబడింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత నేను చెప్పినవి సగమే ఆవిడ చెవిన పడ్డాయనుకుంటాను. బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు అని నన్ను భుజం మీద కొడుతూ, నవ్వుతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. తలకు కుట్లు పడ్డాయా? జుట్టు మళ్ళీ వచ్చిందా? తిండి సరిగా పెట్టేవాళ్ళా? చలికాలం అన్నావు, ఒంటి మీద ఏముంది? నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి కల్పించాను. అంత సంతోషంగా వదినను చూసి ఎన్నాళ్ళయిందో. నేను ఆ సంతోషాన్ని అక్కడే ఆపేయగలిగితే బాగుండుననిపించింది.

అప్పుడడిగింది.

"వెళ్ళేటప్పుడు ఏమన్నా అన్నాడా?"

ఏమీ అనలేదట అన్నాను. వదిన నవ్వు ఆపింది. ఆయన మాట్లాడకుండా గుమ్మం దాటే మనిషి కాదు, నువ్వు చెప్పు అంది. నేను గోడ వైపు చూశాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, నా చిన్నప్పుడు జడ వేసేటప్పుడు తిప్పుకున్నట్టే. ఇంక దాచలేకపోయాను. నర్సు ఎలా చెప్పిందో అలాగే చెప్పాను.

వదిన కుర్చీలో కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఎంతసేపటికీ ఏడవలేదు. చంటిపిల్ల కాగితం అంచు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది.

"అలా అనుకున్న మనిషి ఇంక ఇల్లు వెతుక్కుంటూ రాడు," అంది. "దారిలో ఎవరైనా పాపమని అడిగినా, నాకెవరూ లేరనే చెప్తాడు. వాళ్ళూ నమ్మేస్తారు. ఎందుకు నమ్మరు, ఆయనే చెప్తున్నాక?"

నేను ఏదో అనబోయాను. పేపర్లో వేయిద్దాం అన్నాను, ఆ ఊరు వెళ్దాం అన్నాను, ఆశ్రమాలన్నీ తిరుగుదాం అన్నాను. అన్నీ నిజంగా చేయవలసినవే, చేస్తాం కూడా. కానీ ఆ గదిలో నా గొంతు నాకే సర్క్యులర్ గారి గొంతులా వినబడింది. అక్కడితో ఆపేశాను.

వదిన సొరుగులోంచి అన్నయ్య కాగితం తీసింది. అడుగున ఉన్న 'ఆచూకీ తెలిసినచో తెలియజేయగలరు' అన్న ముక్కను కత్తెరతో కోసేసింది. ఒక తెల్లకాగితం అతికించి, లావుపాటి పెన్నుతో, గుండ్రంగా, తొందర లేకుండా రాసింది: 'నీకు మేమున్నాం. నేను నీ భార్యను. నీ చెల్లెలు ఇక్కడే ఉంది. అడుగుతూనే ఉన్నాం.' కింద మా ఇంటి ఫోన్ నంబరు వేసింది. ఇన్నాళ్ళూ ఆఫీసర్లకు రాసిన కాగితం అది. మొదటిసారి అన్నయ్యకు రాసింది.

దాన్ని మెషిన్‌లో పెట్టి, అంచు సరిచూసి, పక్కకు జరిగి, నాకు చోటిచ్చింది. కొట్టు అన్నట్టు తల ఊపింది. నేను ముందుకు వెళ్ళాను, వేలు అంకెల మీద పెట్టాను.

"ఏ నంబరు, వదినా?"

వదిన మెషిన్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే నేను భరించలేకపోయింది. నిజంగానే తెలియక అడిగింది.

"ప్రణాళిక రాసేదానివి నువ్వే కదా," అంది. "నువ్వే చెప్పు."